ఒకే తీగ, రెండు తెరలు

మన కార్యాలయాలలోని బల్లల మీద గడచిన పదేళ్ళలో వచ్చిన మార్పును పాఠకులు గమనించే ఉంటారు. బల్ల కింద బుసలు కొడుతూ, దుమ్ము పీల్చుకుంటూ కూర్చునే సీపీయూ పెట్టెలు ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి. వాటి స్థానంలో ల్యాప్‌టాప్, దాని పక్కన జానెడు పొడవున్న ఒక నల్లని పెట్టె, ఆ పెట్టె నుండి రెండు మానిటర్లకు పోయే తీగలు కనబడుతున్నాయి. ఆ నల్లని పెట్టెనే డాకింగ్ స్టేషన్ అంటారు. ఉదయం వచ్చి ల్యాప్‌టాప్‌కు ఒక్క తీగ తగిలిస్తే చాలు. ఛార్జింగు, కీబోర్డు, మౌసు, నెట్‌వర్కు, రెండు పెద్ద తెరలు అన్నీ ఒకేసారి అందుతాయి. సాయంత్రం ఆ ఒక్క తీగను ఊడదీసి ల్యాప్‌టాప్‌ను సంచీలో వేసుకుని ఇంటికి వెళ్ళవచ్చు.

సౌకర్యం గొప్పదే. కాని ఆ ఒక్క తీగ తగిలించిన తరువాత ఒక తెర వెలిగి, రెండవ తెర మీద "సిగ్నల్ లేదు" అన్న అక్షరాలు తేలి, కాసేపటికి అవి కూడా ఆరిపోయే ఉదయాలు ప్రతి కార్యాలయానికీ అనుభవమే. అప్పుడు జరిగే తంతు కూడా అందరికీ తెలిసినదే. ఒకరు తీగలన్నీ పీకి మళ్ళీ పెడతారు. మరొకరు మానిటరు వీపు మీద రెండు దెబ్బలు వేస్తారు. మూడవవారు "మానిటరు పోయింది" అని తీర్పు చెబుతారు. కొత్త మానిటరు కోసం ఇండెంటు తయారవుతుంది, పాతది స్టోర్సుకు చేరుతుంది. మా అనుభవంలో ఈ తగవులో అన్నిటికన్నా తక్కువ దోషం ఉండేది మానిటరుకే. అంతకన్నా తక్కువ దోషం దాని ముందు కూర్చున్న మనిషిది. చిత్రమేమంటే, నిందలు ఎక్కువగా పడేది ఈ ఇద్దరి మీదనే.

ఓడరేవు నుండి బల్ల మీదకు

డాక్ అన్న మాట ఓడలకు సంబంధించినది. ఓడ రేవులో నిర్ణీత స్థానానికి చేరి కట్టుకొయ్యలకు కట్టుబడితే సరుకు, నీరు, ఇంధనం అన్నీ అక్కడే అందుతాయి. విశాఖపట్నంలో నౌకాశ్రయాన్ని చూసినవారికి ఈ పోలిక వివరించనక్కరలేదు. 1992లో ఆపిల్ సంస్థ తెచ్చిన డ్యుయో డాక్ అనే యంత్రంలో ల్యాప్‌టాప్‌ను వీసీఆర్‌లో క్యాసెట్టు తోసినట్లుగా లోపలికి తోసేవారు. ఆ తరువాత చాలా ఏళ్ళపాటు ల్యాప్‌టాప్ అడుగున ప్రత్యేకమైన కనెక్టరు ఉండేది. ఏ కంపెనీ ల్యాప్‌టాప్‌కు ఆ కంపెనీ డాకే సరిపోయేది. ఇందులో ఇబ్బంది ఉన్నా ఒక మేలు కూడా ఉండేది. కూర్చోదగినవే కూర్చునేవి, కూర్చున్నవి పనిచేసేవి.

2014లో యూఎస్‌బీ-సీ అనే కనెక్టరు ప్రమాణం వెలువడింది. తలకిందులు చేసినా పట్టే 24 పిన్నుల చిన్న కనెక్టరు ఇది. అదే సంవత్సరం, ఆ పిన్నులలో కొన్నిటి మీదుగా డిస్‌ప్లేపోర్ట్ సంకేతాలను పంపే పద్ధతి కూడా ఖరారైంది. 2015లో థండర్‌బోల్ట్ 3 కూడా ఇదే కనెక్టరులోకి వచ్చింది. ఇక్కడి నుండి తికమక మొదలైంది. ద్వారం ఆకారం ఒక్కటే అయినా, దాని వెనుక ఏమున్నదో చూపులకు తెలియదు. ఒక ల్యాప్‌టాప్‌లోని యూఎస్‌బీ-సీ ద్వారం చిత్రాన్ని పంపగలదు. మరొక దానిలోని అదే ఆకారపు ద్వారం ఛార్జింగుకు, పెన్‌డ్రైవుకు తప్ప పనికిరాదు. ఒకే ల్యాప్‌టాప్‌కు రెండు ద్వారాలుంటే రెండింటికీ ఒకే శక్తి ఉంటుందన్న హామీ కూడా లేదు. తీగల సంగతీ ఇంతే. ఫోనుతో వచ్చే ఛార్జింగు తీగ డాక్‌కు చక్కగా పడుతుంది, కాని చిత్రం రాదు. అందులో వేగవంతమైన సంకేతాలను మోసే తీగజతలే ఉండవు.

కాబట్టి తెర అసలే వెలగనప్పుడు మొదట చూడవలసినది ల్యాప్‌టాప్ ద్వారం పక్కనున్న గుర్తును. డిస్‌ప్లేపోర్ట్ గుర్తో, మెరుపు గుర్తో ఉంటే ఆ ద్వారం చిత్రాన్ని పంపగలదని అర్థం. గుర్తు లేనంత మాత్రాన పంపలేదని కాదు. అప్పుడు మోడల్ నంబరును బట్టి కంపెనీ వివరణ పత్రం చూడాలి. డాక్‌తో పాటు పెట్టెలో వచ్చిన తీగను డాక్‌తోనే ఉంచాలి. ఆ తీగ ఒకరి ఇంటికి ఛార్జరుగా వెళ్ళి, మరొక తీగ దాని స్థానంలోకి రావడంతో మొదలైన తగాదాలను మేము చాలా చూశాము.

కాలువలో నీరెంత?

మన ప్రాంతపు పాఠకులకు కాలువల సంగతి తెలుసు. ప్రధాన కాలువ నిండుగా ఉన్నట్లే కనబడుతుంది, కాని శివారు భూములకు నీరందదు. పై వాటాదారుడు తూము ఎక్కువగా ఎత్తాడో, కాలువ సామర్థ్యమే తక్కువో లెక్క కడితేగాని తేలదు. శివారు రైతు పొలాన్ని తప్పుపట్టి ప్రయోజనం లేదు. రెండు మానిటర్ల వ్యవహారం అచ్చంగా ఇదే.

లెక్క కొంచెం చూద్దాము. 1920 అడ్డు, 1080 నిలువు బిందువులున్న సాధారణ మానిటరులో 20 లక్షల 73 వేలకు పైగా బిందువులుంటాయి. ఒక్కొక్క బిందువు రంగుకు 24 బిట్లు కావాలి. సెకనుకు 60 సార్లు ఆ చిత్రమంతా మళ్ళీ పంపాలి. వరుసల మధ్య ఉండే విరామ సమయాలను కూడా కలిపితే ఇది సెకనుకు సుమారు 3.3 గిగాబిట్లు అవుతుంది. 2560 అడ్డు, 1440 నిలువు ఉన్న మానిటరుకు సుమారు 5.8 గిగాబిట్లు కావాలి. ఫోర్-కే అని పిలిచే 3840 అడ్డు, 2160 నిలువు తెరకు 12.8 వరకు కావాలి.

ఇక కాలువ సామర్థ్యం. యూఎస్‌బీ-సీ తీగలో వేగమైన దారులు నాలుగు ఉంటాయి. థండర్‌బోల్ట్ కాని సాధారణ డాక్‌లలో చాలావరకు వీటిలో రెండింటిని చిత్రానికి, మిగిలిన రెండింటిని పెన్‌డ్రైవులు, నెట్‌వర్కు వంటి పనులకు పంచుతారు. డిస్‌ప్లేపోర్ట్ 1.2 వేగంలో ఒక్కొక్క దారి 5.4 గిగాబిట్లు మోస్తుంది. అయితే ప్రతి 8 బిట్లనూ 10 బిట్లుగా మార్చి పంపుతారు గనుక అసలు సరుకు 4.32 మాత్రమే. రెండు దారులకు కలిపి 8.64. డాక్ పెట్టె మీద ఎన్ని సాకెట్లున్నా ఆ సాకెట్లన్నిటికీ పంచవలసిన నీరు ఇంతే. డాక్ లోపల ఉండే ఎంఎస్‌టీ అనే ఏర్పాటు ఒకే ప్రవాహాన్ని రెండు మూడు తెరలకు విడదీస్తుంది. అది పంచగలదే తప్ప పెంచలేదు.

ఈ మూడు నాలుగు అంకెలను ఎందుకు ఇంత వివరంగా ఇచ్చామో కింది ఉదంతం వలన తెలుస్తుంది.

మార్చి నెలలో జరిగిన ఒక తగవు

మా సహోద్యోగిని ఒకరు లెక్కల విభాగంలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేస్తున్నారు. చేతిరాత లెడ్జర్ల కాలం నుండి వచ్చినవారు. ఎడమ తెర మీద బ్యాంకు వివరాలు, కుడి తెర మీద మన పద్దులు పెట్టుకుని సరిచూడడం ఆమె రోజువారీ పని. రెండేళ్ళపాటు రెండు తెరలు సజావుగా నడిచాయి. ఆమెకు కంటి శస్త్రచికిత్స జరిగిన తరువాత, అక్షరాలు స్పష్టంగా కనబడాలని విభాగంవారు ఒక పాత మానిటరును తీసి 27 అంగుళాల కొత్తది ఇచ్చారు. మేలు చేయాలని చేసిన పనే. ఆనాటి నుండి కష్టాలు మొదలైనాయి.

ఒక ఉదయం కొత్త తెర వెలిగేది, పాతది చీకటిగా ఉండేది. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి పాతది వెలిగి కొత్తది ఆరిపోయేది. మరమ్మతుకు వచ్చిన కుర్రవాడు ఏ మానిటరును విడిగా పరీక్షించినా అది చక్కగా పనిచేసేది. అతడు వెళ్ళగానే మళ్ళీ మొదటికే వచ్చేది. దోషం ఒక వైపు స్థిరంగా ఉంటే యంత్రాన్ని అనుమానిస్తారు. అటూ ఇటూ మారుతూ ఉంటే మనిషిని అనుమానిస్తారు. "మేడమ్ ఏదో నొక్కుతున్నారు" అన్న మాట విభాగంలో స్థిరపడిపోయింది. సంవత్సరాంతపు లెక్కలు ముగించవలసిన మార్చి నెల. ఆమె ఒక తెరతోనే అటూ ఇటూ మార్చుకుంటూ రాత్రి ఎనిమిది వరకు కూర్చునేవారు.

వేరే పని మీద ఆ విభాగానికి వెళ్ళినప్పుడు ఈ సంగతి మా చెవిన పడింది.

"సార్, నా చేతి మహిమ అంటున్నారు అందరూ. ఈ వయసులో నాకెందుకొచ్చిన గొడవ? టపా విభాగానికి మార్చమని అర్జీ రాసి పెట్టుకున్నాను" అన్నారామె.

"అర్జీ రెండు రోజులు సొరుగులోనే ఉంచండి మేడమ్. ఉదయం రాగానే ఏ తెర ముందు వెలిగిందో, ఏది ఆరిందో ఒక కాగితం మీద రాసి పెట్టండి, చాలు" అన్నాము.

లెక్కల మనిషి గనుక కాగితం పొందికగా వచ్చింది. తేదీ, సమయం, వెలిగిన తెర, ఆరిన తెర. అందులో ఒక సంగతి తేటతెల్లమైంది. ఎప్పుడూ ఏదో ఒకటి వెలిగే ఉంది. రెండూ ఒకేసారి ఆరిన రోజు లేదు, రెండూ ఒకేసారి వెలిగిన రోజు కూడా లేదు. ఏ మానిటరు స్విచ్చి ముందు వేస్తే అది వెలుగుతోంది, తరువాత వేసినది ఆరిపోతోంది. అనగా రెండు మానిటర్లూ మంచివే, రెండు తీగలూ మంచివే. కాలువ ఒకరికి సరిపోతోంది, ఇద్దరికి చాలడం లేదు.

పాత రెండు మానిటర్లకు కలిపి 6.6 గిగాబిట్లు. డాక్ సామర్థ్యం 8.64. అందువలననే రెండేళ్ళూ సుఖంగా గడిచింది. కొత్త మానిటరుకు 5.8, పాతదానికి 3.3, వెరసి 9.1. తేడా అరగిగాబిట్టు కన్నా కొంచెం తక్కువ. ఇంత చిన్న తేడాకు ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్న మనిషి తన సామర్థ్యాన్నే శంకించుకునే స్థితి వచ్చింది.

ఊహను పరీక్షించడానికి సెట్టింగులలో కొత్త మానిటరును 1920 అడ్డు, 1080 నిలువుకు తగ్గించాము. మరుక్షణంలో రెండు తెరలూ వెలిగాయి. అయితే అది పరిష్కారం కాదు. మానిటరు స్వంత బిందువుల సంఖ్యకు తగ్గించి చూపితే అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. ఇంగ్లీషు అక్షరాలు కొంతవరకు తట్టుకుంటాయి. తెలుగులో తలకట్టు, వత్తు, పొల్లు అన్నీ చిన్న చిన్న గీతలు. ప-వ, ఘ-మ తేడా కనిపెట్టడానికి కళ్ళు చికిలించవలసి వస్తుంది. కంటి కోసం తెచ్చిన తెర కంటికే భారమవుతుంది. ల్యాప్‌టాప్‌కు పక్కన ఒక హెచ్‌డీఎంఐ సాకెట్టు ఖాళీగా ఉంది. కొత్త మానిటరును డాక్ నుండి తీసి నేరుగా దానికి కలిపాము. డాక్ మీద పాత మానిటరు ఒక్కటే మిగిలింది. ఖర్చు ఒక హెచ్‌డీఎంఐ తీగ. ఆమె రోజూ ఒక తీగకు బదులు రెండు తీగలు తగిలించవలసి వచ్చింది, అంతే. అర్జీ సొరుగులోనే ఉండిపోయింది. ఆ సంవత్సరం లెక్కలు గడువులోగా ముగిశాయి.

మానిటరు తన గురించి ఏమి చెబుతుంది

కాలువ చాలినా మాట కుదరక తెర ఆరిపోయే సందర్భాలు వేరే ఉన్నాయి. పూర్వపు మానిటర్లు మూగవి. 1987లో వచ్చిన వీజీఏ తీగను రెండు మరలతో బిగిస్తే కంప్యూటరు ఏది పంపితే అది మానిటరు చూపేది, చూపలేకపోతే గీతలు గీతలుగా పోయేది. 1994లో ఈడీఐడీ అనే పద్ధతి వచ్చింది. అప్పటి నుండి ప్రతి మానిటరూ తన పరిచయ పత్రాన్ని, అంటే ఎన్ని బిందువులు, ఏ వేగం, ఎవరి తయారీ వంటి వివరాలను 128 బైట్లలో రాసుకుని, అడిగిన కంప్యూటరుకు చెబుతోంది. డిస్‌ప్లేపోర్ట్‌లో దీనికి తోడు మరొక తతంగం ఉంటుంది. చిత్రం పంపే ముందు రెండు చివరలూ తీగను పరీక్షించుకుని ఎంత వేగానికి తట్టుకుంటుందో నిర్ణయించుకుంటాయి. తీగ నాసిరకమైతే వేగం తగ్గించుకుంటాయి. అందువలననే కొన్ని తీగలతో బొమ్మ వస్తుంది గాని కావలసిన స్పష్టతలో రాదు.

ఈ సంభాషణ తెగిపోవడానికి చిన్న చిన్న కారణాలు చాలు. మానిటరు నిద్రలోకి జారినప్పుడు కొన్ని మోడళ్ళు పూర్తిగా మౌనం వహిస్తాయి. కంప్యూటరు ఆ మానిటరును ఎవరో ఊడదీశారని భావిస్తుంది. తెరచి ఉంచిన కిటికీలన్నీ రెండవ తెర మీదకు దొర్లిపోతాయి. టీ తాగి వచ్చేసరికి బల్ల మీద సామాను ఎవరో సర్దినట్లుంటుంది. మానిటరు మెనూలో డీప్ స్లీప్ వంటి పేరుతో ఉండే ఏర్పాటును ఆపివేస్తే చాలావరకు తగ్గుతుంది. ఇంతకన్నా సామాన్యమైన కారణం మరొకటి. మానిటరుకు రెండు మూడు సాకెట్లుంటాయి, మెనూలో వాటిలో ఒకటే ఎంపికై ఉంటుంది. తీగ డిస్‌ప్లేపోర్ట్‌లో ఉండి, మానిటరు హెచ్‌డీఎంఐ వైపు చూస్తూ కూర్చుంటే ఎవరేమి చేయగలరు? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెదికిన సామెత ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

మొత్తం ఏర్పాటు మొండికేస్తే డాక్‌కు పూర్తి విశ్రాంతి ఇవ్వాలి. ల్యాప్‌టాప్ తీగను తీసి, డాక్ అడాప్టరును గోడ సాకెట్టు నుండి తీసి, మానిటర్ల కరెంటు కూడా తీసి, అరనిమిషం ఆగి తిరిగి కలపాలి. మానిటర్లు ముందు, డాక్ తరువాత, ల్యాప్‌టాప్ చివర. డాక్ లోపల కూడా ఒక చిన్న కంప్యూటరే ఉంది, దానికీ కొన్ని తప్పుడు జ్ఞాపకాలు పేరుకుంటాయి. ల్యాప్‌టాప్‌ను షట్‌డౌన్ చేసి తెరిచాము కదా అనుకోవద్దు. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి, ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం ఉన్నచోట షట్‌డౌన్ చేసినా కొంత భాగం నిద్రాణంగా దాచబడుతుంది. రీస్టార్ట్ అన్న ఆదేశమే యంత్రాన్ని నిజంగా మొదటి నుండి మేల్కొలుపుతుంది. ఈ ఒక్క సంగతి తెలిసినవారు సగం ఫిర్యాదులు రాయవలసిన పని ఉండదు.

విండోస్ కీతో పాటు 'పీ' అక్షరం నొక్కితే ఒకే చిత్రం రెండింటి మీదా కావాలా, వేర్వేరుగా కావాలా అని అడుగుతుంది. విండోస్, కంట్రోల్, షిఫ్ట్ కీలతో పాటు 'బీ' నొక్కితే చిత్రాన్ని తయారుచేసే డ్రైవరు తిరిగి మొదలవుతుంది. తెర ఒక్కసారి ఆరి వెలుగుతుంది, తెరచిన ఫైళ్ళకు సాధారణంగా హాని ఉండదు.

ఫీడరును ముక్కలు చేసినట్లు

విద్యుత్ విభాగంలో పనిచేసినవారికి ఫీడరు మీద దోషం వెదికే పద్ధతి తెలుసు. లైను పొడవునా నడుచుకుంటూ పోరు. మధ్యలో విడదీసి, ఏ సగంలో దోషముందో చూసి, ఆ సగాన్ని మళ్ళీ విడదీస్తారు. ఇక్కడా అంతే. ల్యాప్‌టాప్ నుండి మానిటరు వరకు చిత్రం నడిచే దారిలో ఆరేడు మజిలీలున్నాయి. మధ్యలో ఉన్నది డాక్. కాబట్టి మొదటి పరీక్ష ఎప్పుడూ డాక్‌ను తప్పించి మానిటరును నేరుగా ల్యాప్‌టాప్‌కు కలపడమే. వెలిగితే మానిటరు, దాని తీగ, ల్యాప్‌టాప్ మూడూ నిర్దోషులు. వెలగకపోతే డాక్‌ను వదిలేసి మానిటరు వైపు చూడాలి.

రెండవ పరీక్షలో రెండు మానిటర్ల తీగలను డాక్ దగ్గర తారుమారు చేయాలి. చీకటి తీగతో పాటు కదిలితే దోషం తీగదో మానిటరుదో. చీకటి సాకెట్టు దగ్గరే నిలిచిపోతే దోషం డాక్‌ది. చీకటి ఎటు తిరిగినా తరువాత వచ్చినవారికే దక్కుతుంటే అది పైన చెప్పిన కాలువ లెక్క. ముఖ్యమైన నియమం ఒక్కటే. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. తీగ, సాకెట్టు, సెట్టింగు మూడూ ఒకేసారి మార్చి తెర వెలిగితే సంతోషమే, కాని ఏది మందో తెలియదు, మరునాడు మళ్ళీ అదే రోగం.

కొన్ని ప్రత్యేక సందర్భాలు చెప్పక తప్పదు. డిస్‌ప్లేలింక్ అనే పద్ధతిలో పనిచేసే డాక్‌లు కొన్ని ఉన్నాయి. ఇవి చిత్రాన్ని ల్యాప్‌టాప్‌లోనే కుదించి, మామూలు యూఎస్‌బీ సమాచారంగా పంపి, డాక్‌లో మళ్ళీ విప్పుతాయి. ఇరుకు కాలువలో ఇది మంచి ఉపాయమే. కాని ల్యాప్‌టాప్‌లో దాని డ్రైవరు ఉంటేనే పనిచేస్తుంది. డ్రైవరు లేని ల్యాప్‌టాప్‌కు ఆ డాక్ తగిలించి ఎంతసేపు చూసినా మానిటరు వెలగదు. కాపీ రక్షణ ఉన్న సినిమాలు ఈ దారిలో సాధారణంగా కనబడవు. ఆపిల్ మ్యాక్ యంత్రాలు ఎంఎస్‌టీ ద్వారా రెండు వేర్వేరు చిత్రాలు ఇవ్వవు, రెండు తెరల మీదా ఒకే బొమ్మ పడుతుంది. పైగా 2020లో వచ్చిన ఎం1 చిప్పు ఉన్న మ్యాక్‌బుక్‌లకు బయటి తెర ఒక్కటే లెక్క. మన పిల్లలలో ఇలాంటి యంత్రాలు కొన్నవారు చాలామంది ఉన్నారు. వారి డాక్‌లో లోపం లేదని తల్లిదండ్రులు గ్రహిస్తే అనవసరమైన కొనుగోలు ఒకటి తప్పుతుంది.

ఫోర్-కే మానిటరు వెలిగింది గాని మౌసు బాణం తడబడుతూ, కుదుపుతో కదులుతోందంటే సెకనుకు 60 సార్లకు బదులు 30 సార్లు మాత్రమే చిత్రం మారుతోందని అనుమానించాలి. హెచ్‌డీఎంఐ 1.4 ప్రమాణానికి ఫోర్-కేలో 30 వరకే పరిమితి. 2013లో వచ్చిన 2.0 నుండి 60 సాధ్యమైంది. పైన చెప్పిన రెండు దారుల డాక్‌లోనూ ఇదే గతి. సెకనుకు 30 సార్లయితే సుమారు 6.3 గిగాబిట్లతో సరిపోతుంది, 60 అయితే 8.64లో ఇమడదు. కొత్త డాక్‌లు దారికి 8.1 గిగాబిట్ల వేగాన్ని, చిత్రాన్ని కుదించి పంపే పద్ధతిని వాడుకుని ఈ ఇబ్బందిని దాటుతున్నాయి. అయితే ల్యాప్‌టాప్ కూడా ఆ తరానిదే అయి ఉండాలి.

మార్పిడి తీగల విషయంలో దిక్కు చూడాలి. డిస్‌ప్లేపోర్ట్ నుండి హెచ్‌డీఎంఐకి మారే చవక తీగలు ఒక వైపు మాత్రమే పనిచేస్తాయి. హెచ్‌డీఎంఐ ఉన్న కంప్యూటరును డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఉన్న మానిటరుకు వాటితో కలపలేము. దానికి వేరే పరికరం కావాలి. డిస్‌ప్లేపోర్ట్ తీగలలో మరొక చిక్కు 20వ పిన్ను. ప్రమాణం ప్రకారం తీగలో ఆ పిన్నును రెండు చివరలా కలపకూడదు. కొన్ని చవక తీగలలో కలిపి ఉంటుంది. దానితో మానిటరు నుండి కరెంటు వెనుకకు పారి, ఆపిన కంప్యూటరు కూడా సగం మేలుకుని ఉండడం వంటి వింతలు జరుగుతాయి.

వింతల మాట వచ్చింది గనుక మరొకటి. కుర్చీలోనుండి లేచినప్పుడల్లా తెర రెండు సెకన్లు ఆరి వెలుగుతోందని ఎవరైనా చెబితే నవ్వవద్దు. గ్యాస్ సిలిండరు మీద ఎత్తు తగ్గించే కుర్చీలలో, లేచినప్పుడూ కూర్చున్నప్పుడూ స్థిర విద్యుత్తు చిమ్మి, దాని అలజడి పక్కనున్న చిత్రపు తీగకు తగలడం డాక్ సంబంధిత సంస్థలకే తెలిసిన విషయం. గాలిలో తేమ తక్కువగా ఉండే ఏసీ గదులలో స్థిర విద్యుత్తు మరింత తేలికగా పేరుకుంటుంది. మంచి కవచమున్న పొట్టి తీగ వేసి, దానిని కుర్చీకి దూరంగా బల్ల వెనుక నుండి నడిపిస్తే తగ్గుతుంది. ఇళ్ళలో ఎర్తింగు సరిగా లేని సాకెట్టుకు డాక్ అడాప్టరు పెట్టినప్పుడు ల్యాప్‌టాప్ లోహపు అంచు చేతికి జిల్లుమంటుంది. అప్పుడు తెర సంగతి తరువాత, ముందు ఎలక్ట్రీషియనును పిలవాలి.

ఫిర్యాదు రాసేటప్పుడు

"మానిటరు పనిచేయుట లేదు" అన్న వాక్యం వలన మరమ్మతు చేసేవారికి ఏ సహాయమూ అందదు. ల్యాప్‌టాప్, డాక్, మానిటర్ల మోడల్ నంబర్లు రాయాలి. డాక్ లేకుండా నేరుగా కలిపితే వెలిగిందా, తీగలు తారుమారు చేస్తే చీకటి కదిలిందా, ఎప్పటి నుండి మొదలైంది, అంతకు ముందు ఏ వస్తువు మారింది, ఇవి రాస్తే సగం పని అయినట్లే. చివరి ప్రశ్న చాలా విలువైనది. బాగా నడుస్తున్న ఏర్పాటు తనంతట తాను చెడడం అరుదు. కొత్త మానిటరో, కొత్త తీగో, రాత్రికి రాత్రి వచ్చిన సాఫ్ట్‌వేర్ అప్‌డేటో ఉంటుంది. డాక్‌లోని ఫర్మ్‌వేర్ మార్చవలసి వస్తే ఐటీ విభాగం ద్వారానే జరగాలి. అది మారుతున్న కొన్ని నిమిషాలలో తీగ ఊడినా, కరెంటు పోయినా డాక్ మళ్ళీ లేవకపోవచ్చు. యూపీఎస్ ఉన్న సాకెట్టులోనే ఆ పని చేయించాలి.

పైన చెప్పిన లెక్కల విభాగపు తగవు తీరిన తరువాత, స్టోర్సులో "పనికిరానివి" అన్న చీటీలతో పడి ఉన్న మానిటర్లను చూడాలనిపించి, అధికారుల అనుమతితో నాలుగింటిని పరీక్ష బల్ల మీదకు తెప్పించాము. ఒక పాత డెస్క్‌టాప్, ఒక మంచి తీగ, అరగంట సమయం. ఒకదాని పవర్ సప్లయ్ నిజంగానే కాలిపోయింది. ఒకటి మెనూలో తప్పు సాకెట్టు మీద నిలిచి ఉంది. మిగిలిన రెండింటిలో మాకు ఏ లోపమూ దొరకలేదు. వాటిలో ఒకటి టౌన్‌షిప్ గ్రంథాలయంలో పత్రికల గది పక్కన ఉన్న కంప్యూటరుకు, మరొకటి శిక్షణ కేంద్రానికి వెళ్ళింది. మూడవదానిని స్టోర్సులోనే పరీక్ష కోసం ఉంచారు. ఇప్పుడు ఇండెంటు తెచ్చినవారిని ముందు తమ తీగను దానికి కలిపి చూపమంటున్నారు.